లేహ్ పెళ్ళికి బయలుదేరేవాళ్ళకు పెద్దమ్మ మాట

అమ్మా, నాయనా, మన పిల్ల పెళ్ళి లేహ్‌లో అని తెలిసిన దగ్గర్నుంచి మీరంతా నన్ను అడుగుతున్నవి చీరల సంగతి, స్వెట్టర్ల సంగతి, పాంగాంగ్ సరస్సు సంగతి. అవీ చెబుతాను. కానీ ఇన్నేళ్ళు వైద్యం చేసినదాన్ని కనుక ముందు నా మాట ఒకటి వినండి. అక్కడ తలనొప్పి వస్తే దాచకండి. కడుపులో తిప్పితే దాచకండి. కూర్చున్నచోటే ఆయాసం వస్తే ‘ఏం లేదులే’ అనకండి.

ఎత్తు పడకపోవడం ఎవరికైనా రావచ్చు. ఎక్కువమందికి అది ఒకటి రెండు రోజుల విశ్రాంతితో సర్దుకుంటుంది. ఎవరికీ చెప్పకుండా ఓర్చుకుంటూ తిరిగితేనే ప్రాణం మీదికి వస్తుంది. పెళ్ళిలో అలా ఓర్చుకోవడం మనకు మరీ అలవాటు. విహారయాత్రకు వెళ్ళినవాడు ‘ఇవాళ నేను గది కదలను’ అని నిక్కచ్చిగా చెప్పేస్తాడు. పెళ్ళికి వెళ్ళినవాడు చెప్పలేడు. వియ్యాలవారు ఏమనుకుంటారో, పిల్ల తండ్రి కంగారు పడతాడేమో, సంబరమంతా తన వల్ల పాడవుతుందేమో అని తలకింత అమృతాంజనం రాసుకుని, కాఫీ తాగి, నవ్వుతూ వచ్చి పీటల దగ్గర కూర్చుంటాడు. మన ఊళ్ళో పెళ్ళయితే ఆ మొహమాటం వల్ల పోయేదేమీ లేదు. లేహ్‌లో దాన్ని ఇంటి దగ్గరే వదిలి రండి.

అసలు అక్కడ జరిగేదేమిటో తెలిస్తే నా భయం మీకు అర్థమవుతుంది. లేహ్ ఊరు సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. మన హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు. ఊటీ 2,240 మీటర్లు. గాలిలో ఆక్సిజన్ శాతం అక్కడా ఇక్కడా ఒకటే, 21. తగ్గేది గాలి ఒత్తిడి. లేహ్‌లో అది సముద్రతీరంలో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే ఉంటుంది. అంటే విజయవాడలో మీరు ఒకసారి గుండెనిండా పీల్చితే అందే ఆక్సిజన్‌లో మూడో వంతు అక్కడ అందదు. శరీరం దీన్ని సర్దుకోగలదు. ఊపిరి వేగం పెంచుతుంది, గుండె వేగం పెంచుతుంది, మూత్రపిండాలు రక్తంలోని క్షారాన్ని బయటికి పంపి, ఆ పెరిగిన ఊపిరి నిలకడగా సాగేలా చేస్తాయి. ఈ పనికి రెండు మూడు రోజులు పడుతుంది. మనం మాత్రం ఢిల్లీలో 216 మీటర్ల ఎత్తున విమానమెక్కి గంటన్నరలో అక్కడ దిగిపోతాం. చిక్కంతా ఇక్కడే ఉంది.

‘కేదార్‌నాథ్ వెళ్ళొచ్చాం కదా, లేహ్ ఎంత’ అని మన బావగారు నిన్న ఫోన్‌లో అన్నారు. బావగారూ, మీ మాట కాదనను. కేదార్‌నాథ్ 3,583 మీటర్లు, లేహ్ కంటే కాస్త ఎక్కువే. కానీ మీరు హరిద్వార్ నుంచి బస్సులో వెళ్ళారు, గుప్తకాశీలో పడుకున్నారు, గౌరీకుండ్ నుంచి మెల్లగా ఎక్కారు, దర్శనం చేసుకుని దిగివచ్చారు. శరీరానికి అడుగడుగునా వ్యవధి దొరికింది. పైన పడుకున్నది మహా అయితే ఒక రాత్రి. లేహ్‌లో దిగిన క్షణం నుంచి మీరు పైనే ఉంటారు, వరుసగా నాలుగైదు రాత్రులు పైనే పడుకుంటారు. ఎత్తు పట్టి పీడించేది ముఖ్యంగా నిద్రలోనే.

అందుకని ముహూర్తానికి ముందురోజు దిగి మర్నాడు తలంబ్రాలకు అందుకుందామనే ఆలోచన ఎవరికీ వద్దు. దిగిన రోజు, దాని మర్నాడు అనే రెండు రోజులూ పూర్తిగా పక్కన పెట్టండి. లద్దాఖ్ యంత్రాంగం కూడా విమానంలో వచ్చేవాళ్ళను 48 గంటలు విశ్రాంతి తీసుకోమంటుంది. మన పిల్ల తల్లిదండ్రులకు చెప్పి ముహూర్తం రెండు రోజులు దాటాక పెట్టించాను, శుభలేఖలోనే ‘రెండు రోజులు ముందుగా రండి’ అని అచ్చువేయించాను. సెలవు దొరకదు, ఒక్కరోజు తగ్గించుకుంటానంటే, నాయనా, ఆ తగ్గించేదేదో పెళ్ళి తర్వాతి రోజుల్లో తగ్గించుకో.

తీరిక ఉన్నవాళ్ళకు విమానం కంటే శ్రీనగర్ రోడ్డు మేలు. శ్రీనగర్ దాదాపు 1,600 మీటర్లు, కార్గిల్ సుమారు 2,700. రెండుచోట్లా ఒక్కో రాత్రి పడుకుని వస్తే శరీరం మెట్టుమెట్టుగా అలవాటు పడుతుంది. దారి నాలుగు వందల కిలోమీటర్లు దాటుతుంది, జోజి లా, ఫోతు లా కనుమలు ఎక్కి దిగాలి, అయినా మేలే. మనాలి రోడ్డు మాత్రం మొదటిసారి వెళ్ళేవాళ్ళకు వద్దంటాను. అటల్ సొరంగం వచ్చాక రోహ్‌తాంగ్ కష్టం తప్పినా, దారిలో సర్చూ దగ్గర 4,200 మీటర్లు దాటిన చోట డేరాల్లో పడుకోవాల్సి వస్తుంది. లేహ్ కంటే ఎత్తైన చోట మొదటి రాత్రి గడిపి, దిగి లేహ్ చేరడమన్నమాట.

ఆ రెండు రోజులూ ఏం చేయాలి? ఏమీ చేయకూడదు. హోటల్లో కింది అంతస్తు గదే అడగండి. సామాను మీరు మోయకండి, ఎత్తుకునేవాళ్ళు ఉంటారు. చేరిన రోజు తలస్నానం పెట్టుకోకండి, చలికి ఒళ్ళు వణికితే ఆక్సిజన్ ఖర్చు పెరుగుతుంది. పగలంతా పడుకోమనీ కాదు, నిద్రలో ఊపిరి మందగిస్తుంది. కూర్చోండి, పిచ్చాపాటీ మాట్లాడుకోండి, సాయంత్రం నాలుగడుగులు నడవండి. ఏళ్ళ తరబడి కలవని అక్కచెల్లెళ్ళు ఒకచోట చేరుతున్నారు, మాట్లాడుకోవడానికి రెండు రోజులేం సరిపోతాయి! నీళ్ళు దాహానికి తగినంత తాగండి. అక్కడి గాలి బాగా పొడి, ఏడాదంతా కలిపి కురిసే వాన 100 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. అలాగని లీటర్లకు లీటర్లు బలవంతంగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి అదొక తలనొప్పి. మద్యం, నిద్రమాత్రలు మాత్రం ఆ మొదటి రాత్రుల్లో ఎవరూ ముట్టకండి. రెండూ నిద్రలో ఊపిరిని ఇంకా నెమ్మదిచేస్తాయి.

ఇప్పుడు కుర్రాళ్ళతో. మీకు జిమ్ముంది, మారథాన్ పరుగులున్నాయి, మీకేం కాదనుకుంటారు. మా తరం డాక్టర్లకు ఈ జబ్బు గురించి పాఠాలు నేర్పింది మన సైనికులే. 1962 చైనా యుద్ధ కాలంలో మైదానాల నుంచి వేలమంది జవాన్లను ఉన్నపళంగా హిమాలయాల పైకి తరలించారు. వాళ్ళకు వైద్యం చేసిన ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది సైనికుల అనుభవాన్ని క్రోడీకరించి 1969లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. ఆ 1,925 మందీ కసరత్తు చేసి కండలు తిరిగిన సైనికులు, మీకంటే గట్టివాళ్ళు. దమ్ము ఉండటం వేరు, ఎత్తుకు అలవాటు పడటం వేరు. పైగా దమ్మున్నవాడు మొదటిరోజే పరుగులు తీస్తాడు కనుక ముందుగా పడిపోయేదీ వాడే. మీ అమ్మమ్మ మెల్లగా కదులుతుంది కాబట్టి ఆమెకు ఏమీ కాకపోవచ్చు.

అందుకే సంగీత్‌ను పెళ్ళికి ముందురోజు నుంచి తీసి పెళ్ళి అయిన మర్నాటికి మార్చమన్నాను. పిల్ల మొదట అలిగింది, తర్వాత ఒప్పుకుంది. దిగిన రెండో రాత్రి డీజే పెట్టి రెండు గంటలు ఎగిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం నిజంగా ఉంది. ఆ జబ్బు ఎక్కువగా రెండో రాత్రే బయటపడుతుంది, శ్రమ దాన్ని పెంచుతుంది. బరాత్ కూడా చిన్నదే. వరుణ్ణి కారులో తీసుకొస్తారు, మండపం గుమ్మం ముందు పది నిమిషాలు బాజాలు వాయిస్తారు, అంతే.

మేనమామలకు ఒక మాట. పెళ్ళికూతుర్ని గంపలో మోసుకురావడం మన ముచ్చట, మానేయమనడానికి నాకూ మనసొప్పదు. కానీ మీ ఇద్దరికీ అరవై దాటాయి, పెద్దవాడికి బీపీ ఉంది. గంపను నలుగురు కుర్రాళ్ళు పట్టుకుంటారు, మీరు పక్కన చెయ్యి వేసి నడవండి. పిల్లకు కావాల్సింది మీ చెయ్యి. ఉపవాసం సంగతీ అంతే. కన్యాదానం చేసే దంపతులు, వధూవరులు ముహూర్తం దాకా ఏమీ తినకుండా, నీళ్ళు కూడా తాగకుండా ఆ పొడిగాలిలో కూర్చుంటే కళ్ళు తిరుగుతాయి. పాలు, పండ్లు, కొబ్బరినీళ్ళు తీసుకోవచ్చని పురోహితుణ్ణి ముందే అడిగి తెలుసుకున్నాం. ముహూర్తం తెల్లవారుజామున. జూన్‌లో కూడా ఆ వేళకు అక్కడ చలి పది డిగ్రీల లోపుకు దిగుతుంది. పట్టుచీర కింద ఒంటికి పట్టి ఉండే వెచ్చని లోదుస్తులు, కాళ్ళకు మేజోళ్ళు వేసుకోండి. పట్టుపంచె కట్టుకునేవాళ్ళూ అంతే. చలేస్తోందని గదిలో తలుపులు బిగించి బొగ్గుల కుంపటి మాత్రం పెట్టుకోవద్దు. ఆ పొగలో రంగూ వాసనా లేని విషవాయువు ఉంటుంది, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది.

కోవిడ్ నాడు కొన్న పల్స్ ఆక్సీమీటరు అందరిళ్ళలోనూ ఉంది కదా, అది తెచ్చుకోండి. కానీ చూసి బెంబేలెత్తకండి. ఇక్కడ 97, 98 చూపించేది అక్కడ మొదటిరోజు 85 నుంచి 90 మధ్య చూపించడం మామూలే. చల్లబడ్డ వేలికి పెడితే తప్పు చూపుతుంది, చెయ్యి వెచ్చబెట్టుకుని చూడండి. గోళ్ళరంగు, ముదురు గోరింటాకు ఉన్న వేలికి పెడితే కూడా అంకె తేడా రావచ్చు, పెళ్ళివారిళ్ళలో ఇది గుర్తుంచుకోవాలి. అంకె కంటే మనిషిని చూడండి. 86 ఉన్నా హాయిగా ఇడ్లీ తింటూ కబుర్లు చెప్పేవాడి గురించి నాకు బెంగ లేదు. 90 ఉండి మంచం మీద ముడుచుకు పడుకున్నవాణ్ణి లేపి అడగండి.

అడగాల్సినవి ఇవి. తలనొప్పి ఉందా? దానితో పాటు వికారం, ఆకలి లేకపోవడం, నీరసం, తలతిప్పు ఉన్నాయా? ఇవి సాధారణంగా దిగిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో మొదలవుతాయి. ఉంటే ఆ రోజు ఇక కదలకూడదు, పారాసిటమాల్ వేసుకోవచ్చు, విశ్రాంతితో తగ్గాలి. తగ్గకుండా పెరుగుతోందంటే డాక్టరు దగ్గరికే. ఇక కింద చెప్పేవి కనబడితే తెల్లారేదాకా ఆగొద్దు. కదలకుండా కూర్చున్నా ఆయాసం, పడుకుంటే ఎక్కువవడం, ఆగని దగ్గు, నురుగు కళ్ళె, పెదవులు నీలంగా మారడం ఊపిరితిత్తుల్లో నీరు చేరిందనడానికి గుర్తులు. మాట తడబడటం, మనిషి వింతగా ప్రవర్తించడం, తాగినవాడిలా తూలడం మెదడు వాపుకు గుర్తులు. అనుమానం వస్తే గచ్చు మీద ఒక గీత చూపించి, మడమకు బొటనవేలు ఆనించుకుంటూ దాని వెంట నడవమనండి. నడవలేకపోతే ఇక ఆలోచించేదేం లేదు. ఆక్సిజన్ పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. లేహ్‌లో సోనమ్ నోర్బూ స్మారక ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, ఈ జబ్బును చూడటంలో అక్కడి వైద్యులు చేయితిరిగినవాళ్ళు. వాళ్ళు చెప్పింది చేయండి, మన హైదరాబాదు డాక్టరుకు ఫోన్ చేసి అభిప్రాయం అడుగుతూ గంటలు గడపకండి.

దీనికి అసలు మందు కిందికి దిగిపోవడం. కానీ లేహ్ నుంచి దిగడం తేలిక కాదు. మనాలి వైపు వెళ్ళినా, శ్రీనగర్ వైపు వెళ్ళినా ముందు ఇంకా ఎత్తైన కనుమలు ఎక్కాలి. మిగిలింది విమానమే. అవి ఎక్కువగా ఉదయం పూటే నడుస్తాయి, మబ్బు పట్టినా గాలి ఎక్కువైనా రద్దవుతాయి. ఇంత దూరంలో ఇంత ఇరుకు చోట ఉంటాం కనుకనే మొదటి తలనొప్పి దగ్గరే చెప్పమని ఇంతగా పోరుతున్నాను.

పిల్లల విషయంలో ఇంకాస్త జాగ్రత్త. మాటలు రాని పసివాళ్ళు తల నొస్తోందని చెప్పలేరు. పాలు తాగకపోవడం, ఆటలు మానేయడం, ఊరికే ఏడవడం చూసి మీరే గ్రహించాలి. నెలల పిల్లల్ని తీసుకురావద్దనే నా మాట.

ఇక రావద్దని చెప్పాల్సినవాళ్ళ సంగతి. ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది. ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్ళు, స్టెంటు వేయించుకుని కొద్ది నెలలే అయినవాళ్ళు, ఇంట్లో ఆక్సిజన్ మీద ఆధారపడేవాళ్ళు, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్ళు, గర్భిణులు రావద్దు. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ళు అసలే రావద్దు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో, ఆదిలాబాదు వైపు ఆ జబ్బు ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. జబ్బు బయటపడకుండా ఆ లక్షణం మాత్రమే ఉన్నవాళ్ళకు కూడా ఎత్తు మీద ప్లీహం దెబ్బతినవచ్చు, ముందు రక్తపరీక్ష చేయించుకోండి. బీపీ, షుగరు అదుపులో ఉన్నవాళ్ళు రావచ్చు, మాత్రలు మానకూడదు. ఇన్సులిన్ గడ్డకట్టకుండా చూసుకోండి. మందులన్నీ చేతిసంచీలోనే పెట్టుకోండి, పెద్ద సామాను ఢిల్లీలో ఉండిపోయిన సందర్భాలున్నాయి. రాలేనివాళ్ళ కోసం హైదరాబాదులో మరుసటి వారం విందు ఉంటుంది, వధూవరులు మీ ఇంటికే వచ్చి కాళ్ళకు దండం పెడతారు. అక్షింతలు అక్కడ వేసినా ఇక్కడ వేసినా ఒకటే. పిన్నీ, ఈ మాట నీ కోసమే రాశాను, దయచేసి పట్టుబట్టకు.

అసిటజోలమైడ్ మాత్ర గురించి చాలామంది అడిగారు. పనిచేసే మందే. పెద్దవాళ్ళకు సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, విమానమెక్కే ముందురోజు మొదలుపెట్టి చేరాక మరో రెండు రోజులు ఇస్తారు. సల్ఫా మందులు పడనివాళ్ళు, మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు మీ డాక్టరుకు చెప్పాలి, ఎవరైనా సరే అడగకుండా మొదలుపెట్టొద్దు. వేళ్ళు జివ్వుమంటాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది, సోడా చప్పగా అనిపిస్తుంది. కంగారు పడక్కర్లేదు. మాత్ర వేసుకున్నాం కదా అని రెండు రోజుల విశ్రాంతి ఎగ్గొడితే మాత్రం దాని వల్ల ప్రయోజనం లేదు.

భోజనాల గురించి వంటవాళ్ళకు విడిగా చెప్పాను, మీకూ తెలియాలి. అంత ఎత్తున నీళ్ళు సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి. ఎంతసేపు మరిగినా వేడి అంతకు మించదు. గుండిగలో అన్నం వండితే పలుకు పోదు, కందిపప్పు మెత్తబడదు. అందుకని గోదావరి జిల్లా నుంచి వస్తున్న వంటవాళ్ళ చేత పెద్ద కుక్కర్లు తెప్పిస్తున్నాం. మొదటి రెండు రోజులూ వేపుళ్ళు, నెయ్యి తగ్గించి చారన్నం, పెరుగన్నం, ఇడ్లీ పెడతారు. ఎత్తు మీద కడుపు నెమ్మదిస్తుంది, పిండిపదార్థమే తేలిగ్గా పడుతుంది. పెళ్ళినాటికి గారెలు, బూరెలు అన్నీ ఉంటాయి. ఆవకాయ తెచ్చేవాళ్ళు గాలి చొరబడని ప్యాకెట్లలో తేకండి, ఒత్తిడి తగ్గి అవి ఉబ్బి పగులుతాయి, నూనె పట్టుచీరల మీద పడుతుంది. మూత గట్టి సీసాలో పెట్టి, దానికి ఇంకో కవరు తొడిగి పెద్ద సామానులో పెట్టండి. ఎండుకొబ్బరి విమానంలో రానివ్వరు. మామిడాకులు, తమలపాకులు, మల్లెలు అక్కడ దొరకవు, వాటిని మేం చూసుకుంటున్నాం.

మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, ఇంటికొకరైనా పోస్ట్‌పెయిడ్ ఫోనుతో రండి. కొంత నగదు ఉంచుకోండి. ఎండ చల్లగా తోచినా ఎత్తు పెరిగేకొద్దీ అందులోని అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి, నల్ల కళ్ళద్దాలు, టోపీ, సన్‌స్క్రీన్, పెదవులకు వ్యాజలిన్ అందరికీ కావాలి. నీళ్ళు ఆ ఊరికి మంచుకొండలు కరిగితేనే వస్తాయి, బకెట్‌తోనే స్నానం చేయండి. ఎదురుపడ్డవాళ్ళకు ‘జూలే’ అని చెప్పండి, ఎంతో సంతోషిస్తారు.

పెళ్ళి తర్వాత తిరగడం. ఆల్చీ, సింధునది ఒడ్డున ఉన్న షామ్ లోయ లేహ్ కంటే దిగువనే, పెద్దవాళ్ళకు అదే హాయి. నుబ్రా లోయలో పడుకునే చోటు సుమారు 3,100 మీటర్లే అయినా, దారిలో 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా దాటాలి. అక్కడ కారు దిగి ఫొటో తీసుకుని పది పదిహేను నిమిషాల్లో బయలుదేరండి, పరుగులు పెట్టకండి. పాంగాంగ్ 4,200 మీటర్లకు పైనే. పగలు చూసి రండి, రాత్రి బస నాలుగైదు రోజులు లేహ్‌లో హాయిగా గడిపినవాళ్ళకే. అరవై దాటినవాళ్ళు ఆ ఒక్క రాత్రి కోసం పంతం పట్టకండి. తలనొప్పితో ఉన్నవాళ్ళు ఏ కనుమా ఎక్కకూడదు, కారు డబ్బులు పోయినా సరే.

తిరుగు టికెట్టు అనుకున్న రోజుకు ఒకరోజు వెసులుబాటు ఉండేలా తీసుకోండి, మర్నాడే ఆఫీసులో ఉండాలని మాట ఇచ్చి రాకండి. ప్రతి గదికీ ఒకరిని బాధ్యులుగా పెడుతున్నాను. వాళ్ళు రాత్రి పదింటికీ తెల్లారి ఆరింటికీ తలుపు తట్టి ‘ఎలా ఉన్నారు’ అని అడుగుతారు, విసుక్కోకుండా ఉన్నదున్నట్టు చెప్పండి. నా గది మెట్ల పక్కనే, తలుపు గడియ వేయను. మీరు వాడే మందుల చీటీలు ఈ ఆదివారంలోగా నాకు వాట్సాప్‌లో పంపండి. బావగారూ, మీ ఈసీజీ, ఎకో రిపోర్టులు కూడా. అవి చూశాకే మీకు టికెట్టు తీయమని చెబుతాను.